ఉలికి ఒంటిచక్రం బండి

నారాయణఖేడ్

ప్రియమైన దోస్తు బాలప్పకు,

నాగల్‌గిద్ద బస్సు కండక్టరు చేతికి గీ చీటీ ఇచ్చిన. ఫోన్ చేద్దామంటే నేను మాట్లాడేది నీకు ఇనబడది, నువ్వు మాట్లాడేది మా గల్లీ అంతటికి ఇనబడ్తది.

సంగతేందంటే, కోత పండుగకు చర్చిల రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల నేనే చేస్తనని ఒప్పుకున్న. తీరా చూస్తే కుడిచెయ్యి వణుకుతున్నది. సానరాయి మీద రుద్దితే ఉలి మొన గుమ్మడికాయ లెక్క గుండ్రమైతున్నది. పాస్టరు విక్టర్ "కష్టమైతే పట్నంల రెడీమేడ్ బల్ల కొందం తీ, పెద్దాయనా" అన్నడు. మెత్తగనే అన్నడు గని, నాకు పొద్దటి సంది రొట్టె దిగుతలేదు.

మా కోడలు కోమల ఫోన్‌ల చూసి మూడు తొవ్వలు చెప్పింది. కరెంటు సాన, అద్దం మీద పరిచిన సాండ్‌పేపర్, లేకుంటే పాత రాయికే ఒక చిన్న బండి. ఉలిని దాంట్ల బిగిస్తే ఒంటిచక్రం మీద ఉరుకుతదట, మొన వాలు తప్పదట. మన ఉస్తాద్ ఈరయ్య ఉంటే ఏమంటుండెనో. యాదికున్నదా, పదును ఎడమచేతి వెంట్రుకలు గొరిగి చూస్తుండె. మట్టిల పెట్టేనాడు గూడ ఆ చెయ్యి నున్నగనే ఉండె.

ఏది మంచిదో రాయి.

నీ తోమా

*

నాగల్‌గిద్ద

ప్రియమైన తోమాకు బాలప్ప రాంరాం.

కరెంటు సాన జోలికి పోకు. నేను పోయిన. ఉలి నీలంగ కాలింది, ఇప్పుడు దానితోని మా ఇంటామె ఇంద్రమ్మ ఉప్మా తిప్పుతున్నది. అద్దం మీద సాండ్‌పేపర్ మంచిదే, గని ఆ అద్దం ఇంట్ల ఆడోళ్ళది కావద్దు. ఇంతకంటె రాయను, ఆమె పక్కనే ఉన్నది.

ఇగ బండి. నడక నేర్చే పోరలకు బండి చూసిన గని, యాభై ఏండ్లు ఉలి పట్టినోనికి బండేందిర? రేపు బుక్క నోట్లె పెట్టుకునేటందుకు గూడ ఒకటి కొంటవా? రాయి చాలు. ముందుగాల దాన్ని చదును చెయ్యి. నడుమ గుంటపడ్డ రాయి మీద ఏ ఉలీ తేటగ రాదు.

నీ మేలు కోరే బాలప్ప

*

నారాయణఖేడ్

ప్రియమైన బాలప్పా,

రాయి చదును చేసిన. నీ మాట ఇనకుంట బండి గూడ తెప్పిచ్చిన. రెండు రోజులు రుద్దితే మొన తళతళ మెరుస్తున్నది గని కట్టెల దిగుతలేదు. టేకు మీద పెడితే జారుతున్నది, కొడితే చీలుస్తున్నది. లేసిన పొట్టు ఒక ముక్క పంపుతున్న, నువ్వే చూడు.

పాస్టరు నిన్న టేపు పట్టుకొచ్చి చర్చిల జాగ కొలిచిండు. నా బల్లకు కాదు, పట్నం బల్లకు. సోమవారం పోయి తెస్తడట.

బండిల బిగిచ్చిన ఉలిని గట్లనే కండక్టరుకు ఇచ్చిన. బండిని బావిల వెయ్యి. ఉలి నువ్వే ఉంచుకో. నేను పనిముట్ల పెట్టె మూసేసిన.

తోమా

*

నాగల్‌గిద్ద

ప్రియమైన తోమాకు,

పెట్టె తెరువు.

నువ్వు పంపిన పొట్టును ఇంద్రమ్మ వంటచెరుకనుకొని పొయ్యిల పెట్టింది. అయినా కారణం దొరికింది. రాయి మీద వేళ్ళు మొనకాడ పెట్టుడు మన అలవాటు కద, నువ్వు బండిని గూడ గట్లనే మొనకాడ బిగిచ్చినవ్. ఉలి బండి ముందటికి ఎంత పొడుగుంటే వాలు అంత పల్చన. నువ్వు గోరంత ఉంచినవ్. వాలు నిటారుగ లేసి, ఉలి మొద్దులు చీల్చే గొడ్డలైంది.

ఉలిని ముందటికి జరిపి బిగిచ్చి రుద్దిన. ఇంద్రమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి కుక్కకు పెడ్తనన్నది. అప్పటికి తెగుడు మొదలైంది. ఇప్పుడు టేకు వెన్న లెక్క లేస్తున్నది.

బండి మాత్రం పంపను. నవ్వకు, ఉగాది సంది నా ఎడమచెయ్యి గూడ వణుకుతున్నది. ఇంట్ల ఎవలకూ చెప్పలే.

పాస్టరును పట్నం పోవద్దను. శనివారం మొదటి బస్సుకు బండి తోని నేనే వస్తున్న. నీ ఎడమచెయ్యి, నా కుడిచెయ్యి. వడ్రంగి పనికి కావాల్సినవి రెండు చేతులే కద.

రొట్టెలు పాలల్ల నానెయ్యమని కోమలకు చెప్పు. పండ్లు గూడ ఇద్దరియి కలిపితేనే ఒక నోరైతది.

నీ బాలప్ప