బస్టాండు గోడ మీది జిల్లేడు

అయ్యా,

మండల అభివృద్ధి అధికారి గారి సముఖమునకు వేరుశనగ రైతు నల్లప్ప తల వంచుకుని చేసుకొను మనవి.

విషయం: బస్టాండు గోడ మీద నుండి నా మూడో భార్యను తొలగించుట గురించి.

1. "మొక్కే చుట్టం" అను పేరున పట్నం నుండి ఫోటోల వారు వచ్చి, మీ కుటుంబానికి చుట్టమైన మొక్క ఏదని ఇంటింటా విచారించి, ఆ జాతి మొక్కల నిలువెత్తు ఫోటోలను బస్టాండు గోడకు అతికించియున్నారు. లక్ష్మీపతి వాళ్లది చింత. ఓబిలేష్ వాళ్లది తంగేడు. మాది జిల్లేడు. దాని కింద "నల్లప్ప గారి మూడో భార్య" అని ఎర్ర అక్షరాలతో వ్రాసినారు.

2. సదరు వాక్యము అబద్ధము కాదు. నా ఇద్దరు భార్యలు కాలము చేసినందున, మూడో భార్య బతకదని పురోహితుడు చెప్పి, ఆచారము ప్రకారము నాచేత ముందు జిల్లేడు చెట్టుకు తాళి కట్టించి, ఆ చెట్టును నరికించినాడు. గండము చెట్టుతో పోయిందన్నారు. తదుపరి హనుమక్కను నాలుగో భార్యగా చేసుకొంటిని. అయితే ఇదంతా బస్సు కోసం నిలబడిన వారికి ఎందుకయ్యా?

3. నేను బస్సెక్కితే కండక్టరు, "ఏమప్పా నల్లప్పా, ఆడోళ్లకు ఫ్రీ కదా, ఆయమ్మను కూడా పిల్చకరా" అంటున్నాడు. బస్సంతా నవ్వు. ఇప్పుడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని పక్క ఊరి దాకా నడిచి బస్సెక్కుచున్నాను.

4. ఈ సంగతి ఫోటోల వారికి చెప్పినది హనుమక్కయే. పరువు తీసితివని గద్దించగా, "నా మీదికొచ్చే చావు ఆ చెట్టు తీసుకొనె. అది నాకు అక్క. యాడన్నా చెప్తా" అన్నది. శుక్రవారం శుక్రవారం పోయి ఫోటోకు కుంకుమ కూడా పెడుతున్నది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కావున సదరు ఫోటోను పీకించి ఈ ముసలివాని పరువు నిలబెట్టుటకు తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నల్లప్ప

తా.క. ఈ అర్జీ చదివి వినిపిస్తే హనుమక్క కోప్పడలేదు. "చెట్టుకు గోడంత ఫోటో ఉండాది. ముందుపోయిన అక్కలిద్దరికీ అరచేయంత ఫోటో అన్నా తీయించినావా?" అని మాత్రం అడిగినది. తీయించలేదయ్యా. మొదటి భార్య బయమ్మ ముఖము నాకిప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. కండక్టరు నవ్వినప్పటి సిగ్గు దీని ముందు ఎంత? ఫోటో ఉండనీయండి. దాని కింద నా పేరున్న వాక్యము చెరిపించి బయమ్మ, చౌడేశ్వరి అని వ్రాయించండి.