సేటు అడిగిన సోల్డరింగ్ గన్

బొంబాయి

తమ్ముడు యాదగిరిని అన్న మల్లయ్య దీవించి రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. బాపు, అవ్వ, నువ్వు, మన గొర్లు అందరూ క్షేమమని తలుస్తాను. అవ్వ కాళ్ల నొప్పులు తగ్గాయా?

ఇక్కడ ముసురు విడవడం లేదు. మిల్లులో ముక్కు నిండా దూది, బయటికొస్తే వాన. జొన్నరొట్టె తిని ఎన్నాళ్లయిందో! చుట్టూ మనవాళ్లే ఉన్నా ఒక్కోసారి ఏడుపొస్తుంది. ఫికర్ చేయకండి, బాగానే ఉన్నాను. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక గొంగడి పంపు.

పని నుంచి వచ్చాక సరదాకు గదిలో ట్రాన్సిస్టర్ రేడియోలు కడుతున్నాను. నల్గొండ రేడియో దుకాణం సేటు బాపును బజారులో ఆపి, "మీ పెద్దోడు బొంబయిల ఉన్నడంట గద, గా తుపాకి లెక్కుండే సోల్డరింగ్ గన్ను ఒకటి తెప్పియ్యి" అన్నాడని రాశావు. "అడిగిండు గద, పంపు బిడ్డా" అన్నాడట బాపు. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను పనిలో పెట్టుకొమ్మని బాపు అడగడానికి పోయిన రోజు అదే సేటు, "గొర్ల కంపు కొడుతున్నవ్, జర దూరం నిలవడు" అని నలుగురిలో అంటే, బాపు రుమాలు విప్పి చేతిలో పట్టుకొని తల దించుకున్నాడు. బాపు మరిచిపోయాడేమో, నేను చచ్చినా మరిచిపోను.

అయినా గన్ కొన్నాను, పంపుతున్నాను. మీట నొక్కగానే భగ్గున వేడెక్కుతుంది, చూడ్డానికి దర్జాగా ఉంటుంది. పెద్ద రేడియోల లావు తీగలు అతకడానికి మంచిదే. చిన్న రేడియోల లోపలుండే ట్రాన్సిస్టర్ల సన్న కాళ్లకు తగిలిస్తే మాత్రం ఆ వేడికి అవి మాడి చస్తాయి. దోస్తు దగ్గర గన్ తెచ్చుకొని నేనే మాడ్చుకున్నాను. వాటికి సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ కావాలి. వేడెక్కడం ఆలస్యం గానీ పని కుదురుగా అవుతుంది.

సేటు గన్ అడిగాడు, గన్నే ఇయ్యి. ఒక్క మాట చెప్పకు. ట్రాన్సిస్టర్లు మాడనీ. జనాల రేడియోలకు కొత్తవి వేసిచ్చి దండుగ కట్టుకోనీ. అదే మూటలో ఐరన్ కూడా పెట్టాను, నీ దగ్గర దాచు. బాపు మెత్తని మనిషి, ముందే చెప్పేస్తాడు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించకు. సేటు మన ఇంటికి నడిచొచ్చి, ఏది వాడాలో బాపునే అడగాలి. అప్పుడు ఐరన్ బాపు చేత్తో ఇప్పించు.

బాపుకు, అవ్వకు నా శనార్తులు చెప్పు. వాళ్ల దీవెన ఉంటే నాకు ఇక్కడ ఏ కొదవా లేదు. సేటు వచ్చిన రోజే ఉత్తరం వెయ్యి. కూర్చుని అడిగాడో, నిలబడి అడిగాడో, బాపును ఏమని పిలిచాడో, ఒక్కటీ విడవకుండా రాయి.

నీ అన్న
మల్లయ్య