బంబులో ముందు నీళ్లు

సుగుణ నాయినా,

సుగుణను, పసిదాన్ని ఇవాళ దవాఖాన నుంచి తీసుకొస్తున్నాను. పన్నెండింటికల్లా వస్తాం. మీరు డ్యూటీ దిగి రాగానే బాలింత స్నానానికి నీళ్లు కాచే రాగి బంబు వెలిగించండి. ముందు నిండా నీళ్లు పోసి, ఆ తర్వాతే నడుమ గొట్టంలో నిప్పులు వేయండి. పోయిన చలికాలం వట్టి బంబుకు నిప్పు పెట్టి అతుకుల మాట్లన్నీ కరిగించారు. మొన్న నాగ్‌పాడాలో మళ్లీ మాటు వేయించాను, ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. స్నానం చేసే మోరీకి అడ్డంగా గోనెపట్టా కట్టండి, పిల్లకు చలిగాలి తగలకూడదు.

ఇంకో మాట. పురిటి జ్వరం దిగాక నిన్న సుగుణ, “అమ్మా, ఈపారన్న బంబుల నీళ్లు పొయ్యుమని నాయినకు జెప్పు” అని నవ్వింది. పదకొండు రోజులకు నవ్వింది. ఆ బంబు గురించి మిమ్మల్ని ఏడాదిగా తిడుతున్నాను. ఇక తిట్టను.