అన్న మొఖం

శ్రీరాంపూర్, మంగళవారం రాత్రి

బొగ్గుబాయిలకు కెమెరా పోనియ్యరు. అందుకే నా చిన్న సినిమాల పైకప్పు కూలే సీను ఏఐతోని చేసిన. బండ కింద పడేటోనికి ఒక మొఖం కావాలె. అన్నను ఫోటో అడిగిన.

"హీరోనా, విలనా?" అన్నడు.

"చచ్చేటోడు."

"గంతేనా," అని నవ్వుకుంట ఇచ్చిండు.

ఎట్లుందో చెప్పమని పొద్దున ఆ సీను ఒక్క దోస్తుకే పంపిన. మధ్యాహ్నానికి అది కాలనీ అంతా తిరిగి వదిన ఫోన్ల పడ్డది. అన్న అప్పుడు బాయిల డ్యూటీల ఉన్నడు. వదిన చెప్పులు లేకుండ బాయి కాడికి ఉరికింది. ఎవ్వలనూ ఏం అడుగలే. సీదా బాయిల దిగేటోళ్ల దీపాలుండే లాంప్ రూంకు పోయి అన్న దీపం తగిలించే కొక్కెం చూసింది. ఖాళీగ ఉంది. షిఫ్టు అయిపోయేదాక అది ఖాళీగనే ఉంటది, ఆ సంగతి వదినకు తెల్వంది కాదు. అయినా ఆడనే కూలవడ్డది.

అన్న పైకొచ్చినంక ఆమె రెండు చేతులతోని ఆయన మొఖం తడిమి చూసింది. అన్న నన్ను తిట్టలే. "మంచిగనే చేసినవ్‌రా," అన్నడు. కొట్టినా బాగుండు.

నా ఫోన్లకెల్లి తీసేసిన. ఇంకెంతమంది ఫోన్లల ఉన్నదో, ఎట్ల ఆపాలె...

ఇందాక దుబాయి నుంచి మామ ఏడ్చుకుంట ఫోన్ చేసిండు. అన్న వీడియో కాల్ పెట్టి, "బతికే ఉన్న మామా, చూడు," అన్నడు. మామ చాన సేపు చూసిండు.

"గిట్ల మాట్లాడే మొఖాలు సుత చేస్తుండ్రటగదా," అన్నడు.

అన్న ఫోను నా చేతుల పెట్టి లోపలికి పోయిండు.