జడ్జిగారి ఆట కట్టు

అమ్మడూ, మేమిద్దరం కులాసాగా ఉన్నాం. రిటైరైనవాళ్ల చదరంగం సంఘం మానేస్తానని పోయిన కార్డులో రాశాను కదా, ఆ మాట కొట్టెయ్యి! బడిలో గంట కొట్టిన ఆయాకు ఎత్తులేం తెలుస్తాయని నవ్విన జడ్జిగారిని నిన్న అందరి ముందూ ఓడించాను. గుర్రాన్ని దూకించి "ఆట కట్టు!" అన్నాను. ఆయన పావుగంటసేపు బల్లకేసి చూసి, "దీనికి అప్పీలు లేదమ్మా, ఓడిపోయాను" అంటూ లేచి నమస్కారం పెట్టారు. మీ నాన్న సంబరం పట్టలేక పక్కాయన టీ కూడా తాగేశారు. ఆదివారం పై వీధి సంఘంతో పోటీకి నన్నే పంపుతున్నారు! నా కొత్త కళ్లజోడు మీ ఇంట్లోనే మరిచిపోయాను, వెంటనే పంపు. పాపకు జ్వరం తగ్గిందా? అమ్మమ్మ జడ్జిగారిని ఓడించిందని దాని చెవిన వెయ్యి, లేచి కూర్చుంటుంది. మీ ముగ్గురికీ మా దీవెనలు.

అమ్మ