నా కేసులో మొదటి సాక్షి మేక

నవంబర్ 26

రాయి. నా పేరు కట్టమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డుకు తెలుసు, నాకు తెలియదు. ఊరు కాటారం పక్కన. ఈ నెల మూడో తారీఖున నాకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, నాలుక ఒకేసారి పోయాయి. ముందుగా తిరిగొచ్చింది నాలుక. ఇంట్లోవాళ్లకు అదే బాధ.

నాకు చదువు రాదు. ఈ నోట్‌బుక్ దవాఖానలో మమత డాక్టరమ్మ ఇచ్చింది. రోజూ ఏదో ఒకటి చెప్పి రాయించాలట. నాలుకకు కసరత్తట. పగటిపూట ఇంట్లో అక్షరం వచ్చినది నా కోడలు భాగ్య ఒక్కతే. అందుకని దాని మీద నేను పెడుతున్న కేసు దాని చేత్తోనే రాయిస్తున్నాను.

తల ఊపడం కాదు. రాయి.

నవంబర్ 27

నాలుక అలిసిపోయింది. రేపు.

నవంబర్ 28

కేసు జున్నుతో మొదలు.

అక్టోబర్ చివర్లో మా బర్రె ఈనింది. భాగ్య జున్ను వండింది. అదే రోజు దాని అన్న వచ్చాడు. గిన్నె గిన్నెంతా కట్టి ఇచ్చింది. మూడు బస్సులు మారి నెల్లికుదురు దాకా పోయిన జున్ను, పది అడుగుల దూరంలో ఉన్న నా గదికి రాలేదు. ఇదేందని అడిగితే "నీకు షుగర్ గదా అత్తమ్మా" అన్నది. దాని అన్నకు నాకంటే ఎక్కువ షుగర్.

ఆ రోజే మాట బంద్ పెట్టాను. అదీ పెట్టింది. నా పొయ్యి నాది, దాని పొయ్యి దానిది. మూడు రోజులు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నా కొడుకు ఐలేశ్‌ది బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. ఇంట్లో యుద్ధం నడుస్తోందని వాడికి దవాఖానలోనే తెలిసింది.

నవంబర్ 30

మూడో తారీఖు పొద్దున ఆరున్నర. టైం నాకెట్లా తెలుసంటే, భూపాలపల్లి పోయే మొదటి బస్సు అప్పుడే మూలమలుపులో హారన్ కొట్టింది. పక్కింటి పరశురాములు మేక నా చిక్కుడు పాదులో పడి మేస్తోంది. మేకను తిట్టాను. పరశురాములును తిట్టాను. బస్సు కదిలేదాకా వాళ్ల నాయినను తిట్టాను. నా జన్మలో అంత చక్కగా ఎన్నడూ తిట్టలేదు.

ఏడింటికి బిందె ఎత్తబోతే చేయి నాది కాదన్నట్టుంది. పడిపోయాను. ఏడున్నరకు భాగ్య చూసి కేక పెట్టింది. 108 వచ్చింది. తొమ్మిదికి పెద్ద దవాఖాన. అప్పటికప్పుడే తలకు స్కాన్. ఒక్కరూ ఆలస్యం చేయలేదు.

అప్పుడు డాక్టర్ ఒకటే మాట అడిగాడు. ఈమె మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్ని గంటలకు? తలలో గడ్డకట్టిన నెత్తురును కరిగించే ఇంజెక్షన్ ఉందట. ఆ టైం నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. టైం తెలియకుండా ఇస్తే తలలో నెత్తురు కారొచ్చట.

భాగ్య ఏమన్నదో రాయి. "మూడొద్దులాయె సార్, మేం మాట్లాడుకోక."

ఐలేశ్ ఏమన్నాడో కూడా రాయి. "నేను డ్యూటీల ఉన్న సార్."

నేను స్ట్రెచర్ మీద పడి అరుస్తున్నాను. కడుపులో అంతా ఉంది, బస్సు, చిక్కుడు పాదు, పరశురాములు, వాళ్ల నాయిన. నోట్లోంచి మాత్రం ఒక్కటే వస్తోంది. మేక. మేక. మేక. డాక్టర్ నా భుజం తట్టి, గాబరా పడకు అవ్వా అన్నాడు. ఇంజెక్షన్ ఇవ్వలేదు. కాగితం మీద లేటుగా వచ్చిన కేసు అని రాసుకున్నారు.

డిసెంబర్ 1

మేక సంగతి మిగిలింది.

అవ్వ పోచమ్మకు మేకను మొక్కింది, అదే యాది చేస్తోంది అనుకున్నాడు ఐలేశ్. మంచి కొడుకు. దూరం పోవడం ఎందుకని పక్కింట్లోనే కొన్నాడు. నేను దవాఖాన నుంచి వచ్చిన రోజే మొక్కు తీర్చారు. నా కోసం మెత్తగా ఉడికించి నాలుగు ముక్కలు పెట్టారు. బాగుంది. ఇంకో రెండు వేయించుకున్నాను. ఆ తర్వాత చెప్పారు, అది ఏ మేకో.

నా కేసులో మొదటి సాక్షిని నేనే తినేశాను.

డిసెంబర్ 4

కుడి బొటనవేలు కదిలింది. కదల్లేదంటోంది భాగ్య. కదిలింది. రాయి.

డిసెంబర్ 6

భాగ్యను తోలుకుని దవాఖానకు పోయాను. మమత డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్లకు వైద్యం ఎక్కడ అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని మూడు దేశాల డాక్టర్లు కలిసి చూస్తున్నారట. ఒకటి చలి దేశం, ఒకటి ఆఫ్రికాలోది, ఒకటి మనది. పద్దెనిమిదో తారీఖున అందరూ టీవీలో కలుస్తారట. నా కేసు కూడా ఉందట. లేటుగా వచ్చినవాళ్ల లిస్టులో.

నాకు బీపీ లేచింది. నేను లేటా! నాట్లకు లేటు పోలేదు, కోతలకు పోలేదు, చావింటికి కూడా పోలేదు. ఆ లేటు అనే మాట కొట్టేయమన్నాను. నువ్వే వచ్చి చెప్పవ్వా అన్నది డాక్టరమ్మ.

ఆ ఇంజెక్షన్ పడితే నా చేయి వచ్చేదా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు, గట్టిగా చెప్పలేనన్నది. భాగ్య కిటికీ వైపు తిరిగింది.

కాటారంలో భాగ్య బస్సు దిగేటప్పుడు మెల్లగా అన్నది, "గా దొరల ముంగట నా పేరు తియ్యకు అత్తమ్మా." ఇంటిపేరుతో సహా తీస్తానన్నాను.

డిసెంబర్ 9

రెండో సాక్షి పరశురాములును పిలిపించాను. గడపలో నిలబడి చెప్పాడు.

"తిట్టినవా? వదినే, నా బతుకుల గన్ని తిట్లు తినలే. ఒక్క మాటన్న తడబడలే. బస్సు కండక్టర్ గూడ టికెట్లు కొట్టుడు ఆపి విన్నడు."

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?

"నన్నెవలడిగిండ్రు? నాయిన్ను తిట్టిన మనిషికి నేను ఎదురువొయ్యి సాక్ష్యం జెప్పాల్నా?"

వాడకట్టంతా వింటే మా ఇంట్లో ఎట్లా వినపడలేదని అడిగాను. "మీ ఇంట్ల మిక్సీ గర్ర్‌మని తిరుగవట్టె గదా" అన్నాడు.

భాగ్య పెన్ను ఆగింది. రాయమన్నాను. రాసింది.

డిసెంబర్ 13

ఇవాళ్టిది ఆశా వర్కర్ లత రాస్తోంది. బీపీ చూడటానికి వచ్చింది. భాగ్య కొట్టంలో బర్రె దగ్గర ఉంది. నేను చెప్పేది ఒకటి, భాగ్య రాసేది ఒకటా అని నాకు మొదటి నుంచి అనుమానమే. నోట్‌బుక్ చదివి వినిపించమన్నాను.

ఒక్క మాట మార్చలేదు. తల ఊపడం కూడా రాసుకుంది. తొమ్మిదో తారీఖు కింద మాత్రం నేను చెప్పనిది ఒకటి ఉంది. లత దాన్ని రెండుసార్లు చదివింది.

"మిక్సీల ఏం లేకుండె. ఉత్తగనే తిప్పిన. అత్తమ్మ తిట్టుడు నేను విన్న. ఇనవడొద్దనే మిక్సీ ఏసిన. దవాఖానల చెప్దామంటె శరమైంది. అత్తమ్మ చెయ్యి పోయిన పాపం నాదే."

లత నా బీపీ మళ్లీ చూసింది. ఎంతో చెప్పలేదు.

డిసెంబర్ 15

భాగ్య పెన్ను పట్టుకుని కూర్చుంది. ఏమీ లేదు అని రాయమన్నాను.

డిసెంబర్ 18

దవాఖాన టీవీలో ఇద్దరు డాక్టర్లు. చలి దేశం ఆమె బక్కగా, పొడుగ్గా ఉంది. వాళ్ల దగ్గర అంబులెన్సులోనే స్కాన్ మిషన్ ఉందట. అయినా ముసలివాళ్లు ఒంటరిగా ఉంటారట. ఎప్పుడు పడిపోయారో చెప్పే మనిషి ఉండడట. ఇంజెక్షన్ చేతిలో పట్టుకుని ఆగిపోతారట. ఆఫ్రికా డాక్టర్ లావాటి మనిషి. ఆయనకు టైం చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారట. స్కాన్ మిషన్ మాత్రం ఆరు గంటల దూరమట.

తర్వాత నా వంతు. ఇంటిపేరు నాలుక మీదే పెట్టుకుని వచ్చాను. భాగ్య వెనకాల నా కుర్చీ పట్టుకుంది.

"నేను లేటు రాలే," అన్నాను. "మీ దగ్గర మనుషులు లేక టైం తెల్వదు. మా ఇంట్ల ముగ్గురం ఉన్నం, అయినా తెల్వదు. మాట బంద్ వెట్టుకున్నం గనుక. ముందు బంద్ వెట్టింది నేను. జున్ను కోసం."

మమత డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. చలి దేశం ఆమె అద్దాలు తీసి, జున్ను అంటే ఏంటని అడిగింది. అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆఫ్రికా డాక్టర్ పడిపడి నవ్వాడు. మా అమ్మకూ నా భార్యకూ రెండేళ్ల నుంచి మాటల్లేవన్నాడు. తర్వాత నవ్వడం మానేసి ఫోన్ తీసుకున్నాడు.

లేటు కొట్టేశారు. ఇంట్లో మాటల్లేక టైం తెలియలేదు అని రాసుకున్నారు. అట్లాంటి గడి వాళ్ల ఫారంలో లేదట. కొత్తగా గీశారు.

బస్సులో భాగ్య అడిగింది, "ఇంటిపేరు తీస్తనంటివి, తియ్యలేదేంది?" మర్చిపోయిన అన్నాను.

మర్చిపోలేదు. ఇది రాయకు. సరే, రాయి.

డిసెంబర్ 21

ఒప్పందం. తగువు ఎంతైనా ఆడొచ్చు. మాట బంద్ పెట్టొద్దు. తగువున్న రోజు మూడు గంటలకోసారి ఒకరినొకరు పలకరించాలి. తిట్టినా చెల్లుతుంది. టైం రాయాలి.

జనవరి 6

తగువు. కారణం నోట్‌బుక్‌కు అనవసరం.

ఆరు. నేను తిట్టాను.

తొమ్మిది. అది తిట్టింది.

పన్నెండు. ఇద్దరం.

మూడు. అది మర్చిపోయింది. పిలిచి తిట్టించుకున్నాను.