వాలు జాగాలో కూరమళ్ళు

ఆలేరు

బాపుకు దండాలు. ఇద్దరం బాగున్నాము, ఫికర్ చేయకండి.

కిరాయి ఇంటి వెనక జాగా బాగా వాలు. మట్టి ఎత్తుగా పోసి కూరమళ్ళు కట్టాను. చేతి అలవాటున, మగ్గానికి పడుగు దారాలు పరిచినట్టు, పైనుంచి కిందికి పొడుగ్గా కట్టాను. మొన్నటి వానకు అంతా కొట్టుకుపోయింది. "మీ తోట మా వాకిట్లకొచ్చింది" అని పక్కింటి మల్లమ్మ పిలిచింది. మీ కోడలు ఒకటే నవ్వు. "పడుగు సాలు గని, ఇగ పేక లెక్క అడ్డం కట్టుండ్రి" అన్నది. వాలుకు అడ్డంగా రాళ్ళు పేర్చి మళ్ళీ మట్టి పోశాను. నిన్నటి వానకు నిలిచాయి.

అమ్మతో చెప్పి పుంటికూర విత్తనాలు పంపండి. అవ్వ కాలివాపు తగ్గిందా?

నేను నౌకరీకి వచ్చానని నా మగ్గం గుంత పూడుస్తానని రాశారు. అప్పుడే పూడ్చకండి. చేతులు ఇంకా పడుగే వేస్తున్నాయి.

మీ కొడుకు
సిద్దిరాములు